షెడ్డులో పడున్న హోవర్‌క్రాఫ్ట్‌ని వరద సాయానికి లేపొచ్చా, మేస్త్రీ గారూ?

పోయిన సంచికలో సింగ్‌నగర్ పాఠకుడి ఉత్తరం వేసి, జవాబు వచ్చే నెల అన్నాం. ఈలోగా అదే విషయం మీద ఇంకో నాలుగు ఉత్తరాలు వచ్చాయి. మొదటి ఉత్తరాన్ని కుదించి మళ్ళీ ఇస్తూ, అన్నిటికీ కలిపి మేస్త్రీ గారి జవాబులు ఇవి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్తే. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు మా వీధిలో ఛాతీ లోతు నీళ్ళు. మూడు రోజులు పై అంతస్తులోనే ఉన్నాం, పడవ మా సందు దాకా రాలేదు. అప్పుడే అనుకున్నాం ఆరుగురు స్నేహితులం, మళ్ళీ వస్తే మన దగ్గర ఏదో ఒకటి ఉండాలని. ఊరి బయట ఒక షెడ్డులో పాత హోవర్‌క్రాఫ్ట్ ఉంది, అదే, కిందికి గాలి ఊదుకుని ఆ గాలి మీద తేలుతూ పోయే బండి, ఎవరో వాటర్ స్పోర్ట్స్ పెడదామని తెప్పించి వదిలేశారు. 18 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఫైబర్ బాడీ, పెట్రోల్ ఇంజన్, వెనకాల ఒకటే పెద్ద ఫ్యాన్. పట్టా కప్పి పదేళ్ళు దాటింది. దాదాపు తుక్కు రేటుకే ఇస్తానంటున్నారు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ చూసి, లారీ ఇంజన్ పెడితే దున్నుకుంటూ పోతుందన్నాడు. కొనమంటారా?

జవాబు: వద్దు బాబూ అని ఒక్క ముక్క రాసి పంపేద్దామనే కూర్చున్నాను. కానీ ఆ వరదలో నేనూ రెండు రోజులు తిరిగాను, అందుకే అంత తేలిగ్గా వద్దనలేకపోతున్నా.

మేం తీసుకెళ్ళింది ఒక అద్దె మర పడవ. పాల ప్యాకెట్లు, మంచినీళ్ళ బాటిళ్ళు వేసుకుని బయల్దేరిన పది నిమిషాలకు ఇంజన్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. పైకెత్తి చూస్తే కింద పంకాకు నైలాన్ చీర చుట్టుకుంది. గులాబీ రంగు, జరీ అంచు, కొత్త చీర, ఎవరి బీరువాలోంచి కొట్టుకొచ్చిందో పాపం. తడిసి బిగుసుకుపోయి తాడులా అయింది, కూరగాయల కత్తితో పోగు పోగు కోయడానికి ముప్పావు గంట. మళ్ళీ స్టార్ట్ చేసి రెండు వీధులు పోగానే ఈసారి సిమెంటు గోతం. ఆ ముప్పావు గంటలో పై అంతస్తుల్లోంచి జనం మమ్మల్నే చూస్తున్నారు, తిట్టినా బాగుండేది అనిపించింది. నీళ్ళలోకి ఏదీ దిగని బండి ఉంటే ఎంత బాగుండు అని ఆ రోజు నేనూ అనుకున్నా. కాబట్టి మీ ఆశ నాకు అర్థమవుతుంది.

అయినా ఒక మాట చెప్పాలి. మీ సందు కోసమే అయితే హోవర్‌క్రాఫ్ట్ పనికిరాదు. 8 అడుగుల వెడల్పు బండి, పక్కన ఆపిన కార్లు, మునిగిన బైకులు, కాంపౌండ్ గోడలు, వేలాడే కేబుల్ తీగలు. పైగా దీనికి బ్రేకు లేదు. నీళ్ళకు ఆనకుండా గాలి మీద ఉంటుంది కాబట్టి మలుపు తిప్పితే ముక్కు తిరుగుతుంది గానీ బండి మటుకు వెళ్ళేవైపే జారుతూ పోతుంది, పక్క గాలి వీస్తే ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తుంది. సందు మొదట్లో తిప్పితే పక్కింటివాళ్ళ గేటు దగ్గర తేలతారు. ఆ ఫ్యాను విసురుకి వీధిలో తేలే ప్లాస్టిక్ కవర్లన్నీ లేస్తాయి, వాటిని అదే లోపలికి లాక్కుంటుంది కూడా. సింగ్‌నగర్, పాయకాపురం లాంటి చోట్ల చదును అడుగున్న చిన్న పడవ, తెడ్డూ, నడుముకు తాడు కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, దీన్ని మించింది లేదు. ఆ వరదలో ట్రాక్టర్లు, జేసీబీలు ఎంత పని చేశాయో మీరే చూశారు.

మరి దీనికి పని లేదా అంటే ఉంది, మీ ఊళ్ళో కాదు, కృష్ణ వెంట కిందికి, సముద్రం వైపు దిగాలి. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు నేను కుర్రాణ్ణి. ఆటోనగర్ నుంచి బియ్యం, గుడ్డలు వేసుకుని వెళ్ళిన లారీ మీద నేను క్లీనర్‌ని. కొంత దూరం పోయాక రోడ్డు లేదు, అలాగని నీళ్ళూ లేవు. మోకాలి లోతు బురద. పడవ వేద్దామంటే తేలదు, నడుద్దామంటే కాలు దిగితే పైకి రాదు. ఎదురుగా ఊరు కనిపిస్తోంది, మనం వెళ్ళలేం. పడవకి తక్కువ, మనిషికి ఎక్కువ అనిపించే అలాంటి నేల ఉంది చూశారూ, హోవర్‌క్రాఫ్ట్ పుట్టిందే దానికోసం. బురద మేటలు, చెయ్యెడు లోతు నీళ్ళు, గుర్రపు డెక్క పట్టేసిన కాలువలు, ఎండాకాలం కృష్ణలో ఇసుక తిన్నెలూ మడుగులూ కలిసిన చోట్లు. మీ ఆరుగురూ దాన్ని సింగ్‌నగర్ కోసం కాకుండా నాగాయలంక, అవనిగడ్డ వైపు వాళ్ళతో కలిసి పెట్టుకుంటామంటే అప్పుడు కొనే మాట మాట్లాడదాం.

కొనే ముందు ఒకే ఒక్క పని చెయ్యండి. ఇంజన్ స్టార్ట్ అవుతుందా లేదా అని చూడొద్దు, అందరూ అదే చూస్తారు. లారీ మీదకెక్కించి కాటా వేయించండి. తర్వాత ఖాళీ లారీకి కాటా. తేడా రాసుకుని, బండి లోపల ఎక్కడో కంపెనీవాడు కొట్టిన రేకు ఉంటుంది, దాని మీద ఖాళీ బరువు, మోసే బరువు ఉంటాయి, వాటితో పోల్చండి. ఎందుకో చెప్తా. ఫైబర్ బాడీ లోపల మునిగిపోకుండా ఫోమ్ నింపుతారు. బాడీ ఎక్కడో సన్నగా చిట్లి, పదేళ్ళు వానకు తడిస్తే ఆ ఫోమ్ నీళ్ళు తాగి కూర్చుంటుంది. పైకి ఏమీ కనిపించదు, రంగు వేస్తే కొత్తదానిలానే ఉంటుంది. పడవకైతే పాతిక కిలోలు ఎక్కువైనా పట్టించుకోం. దీనికి అలా కాదు, ప్రతి కిలో గాలితోనే మొయ్యాలి.

పైకి లేవడం ఒక్కటే కాదు. నీళ్ళ మీద ఆగి ఉన్నప్పుడు దీని కింద గాలి ఒత్తిడికి నీళ్ళు గిన్నెలా లోపలికి దిగుతాయి. కదలగానే ఆ గిన్నె అంచు ముందు అలలా లేస్తుంది. ఆ అలని ఎక్కి దాటితేగానీ వేగం రాదు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని హంప్ అంటారు, ఎద్దు మూపురం అనుకోండి. బరువు ఎక్కువైతే బండి ఆ మూపురం ఎక్కలేక, ఇంజన్ గొంతు చించుకుంటూ, చుట్టూ తుంపర లేపుతూ, మనిషి నడక వేగంతోనే పాకుతుంది. తీరం మీద ఆడుకున్నప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, నలుగుర్ని ఎక్కించి నీళ్ళలోకి దింపగానే పరువు పోతుంది.

ఇప్పుడు మీ మెకానిక్ లారీ ఇంజన్ సంగతి. ఆయన్ని తప్పు పట్టను, మనకి బలం అంటే బరువే. కానీ లారీ ఇంజన్ ఒక్కటే ఈ బండి మొత్తం మోసే బరువుని మింగేస్తుంది. ఉన్న పెట్రోల్ ఇంజన్ పట్టేసినా సరే ముందు దాన్నే విప్పండి. ట్యాంకు తుప్పు, ఎండిపోయిన రబ్బరు పైపులు, కార్బొరేటర్‌లో జిగురైపోయిన పెట్రోలు, నూటికి తొంభై ఇవే. బోరు మరీ పోతే అంతే బరువున్న కారు ఇంజన్ చూడండి, అదీ పాతది కూర్చున్న చోటే కూర్చోవాలి, అరడుగు వెనక్కి జరిపినా బండి తోక దించుకుంటుంది.

ఫ్యాన్ రెక్కల్ని వేలితో తడిమి చూడండి. అంచున గింజంత పగులున్నా మార్చాల్సిందే, ఎమ్‌సీల్ పెట్టి సరిపెట్టకండి. ఆ వేగంలో విరిగిన రెక్క తూటాతో సమానం. చుట్టూ జాలీ లేకుండా స్టార్ట్ చేస్తే మాత్రం నా పేరు ఎక్కడా చెప్పొద్దు.

ప్రశ్న: మాది నాగాయలంక దగ్గర. మర పడవల మీదే మా బతుకు. గాలి బండి మా పడవకంటే ఏం పొడిచేస్తుందండీ? ఏటిమొగ వైపు ఎదురుమొండి దీవి దాకా పంటు మీదే పోతాం, ఇన్నేళ్ళూ గడవలేదా?

జవాబు: నిండు ఏట్లో ఏమీ పొడవదు. లోతు నీళ్ళలో మీ పడవే రారాజు, డీజిల్ తక్కువ, బరువు ఎక్కువ మోస్తుంది, అల వస్తే తట్టుకుంటుంది. ఈ బండి పెట్రోలు నీళ్ళలా తాగుతుంది. అరడుగు అల దాటి అడుగున్నర అల వచ్చిందంటే ఇంత చిన్న బండి ఇంటికి పోవాల్సిందే. తుపాను వీస్తున్నప్పుడు అసలు బయటికి తియ్యకూడదు, గాలి దాన్ని కాగితంలా తీసుకుపోతుంది. తుపాను వెళ్ళాక మర్నాడు దీని రోజు.

కానీ పాటు తీసి ఏరు వెనక్కి పోయినప్పుడు మీ పడవ ఎక్కడుంటుంది? బురదలో ఒరిగి, పోటు వచ్చేదాకా చూస్తూ. అప్పుడు మడ అడవి అవతల ఎవరికైనా నొప్పులొస్తేనో, పాము కరిస్తేనో?

చిన్న లెక్క చూడండి. ఈ బండి కింద గాలి పరుచుకునే చోటు సుమారు 12 చదరపు మీటర్లు. మనుషులతో కలిపి 900 కిలోలు అనుకుందాం. చదరపు మీటరుకు 75 కిలోలు పడుతుంది. అదే 60 కిలోల మనిషి రెండు పాదాల మీద నిలబడితే, రెండు పాదాలూ కలిపి 300 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 2000 కిలోల లెక్క. మీరు నిలబడితే బురద మీద పడే ఒత్తిడి ఈ బండి వేసేదానికి పాతిక రెట్లు పైనే. మీరు దిగబడే చోట అది దిగబడకపోవడానికి కారణం ఇంతే, మంత్రం ఏమీ లేదు.

బ్రిటన్‌లో సముద్రంలో జనాన్ని కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ మోర్‌కాంబ్ లాంటి బురద తీరాల్లో పడవలతో పాటు హోవర్‌క్రాఫ్ట్‌లు పెట్టుకుంది. మడగాస్కర్‌లో హోవర్‌ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థ రోడ్లు లేని ఏటి పక్క పల్లెలకు వీటి మీదే సాయం పట్టుకెళ్ళింది. అక్కడి నదులూ మన కృష్ణ ఎండాకాలం రూపమే, కాసేపు నీళ్ళు కాసేపు ఇసుక. మన కోస్ట్ గార్డ్ దగ్గరా ఉన్నాయి, కాకపోతే అవి 21 మీటర్ల పొడవు, రెండేసి డీజిల్ ఇంజన్లు, వాటితో మనవాళ్ళ బండిని పోల్చకూడదు.

మీరు నన్ను అడిగారు గానీ, ఆ సింగ్‌నగర్ కుర్రాళ్ళకి కావాల్సింది మీలాంటి వాళ్ళే. వల కట్టిన వెదురు గుంజలు ఎక్కడున్నాయో, రొయ్యల చెరువు గట్టు ఎక్కడ నిటారుగా ఉందో వాళ్ళకేం తెలుసు? బండి కింద చుట్టూ వేలాడే గుడ్డని స్కర్టు అంటారు, అడుగెత్తు స్కర్టున్న బండి ముప్పావు అడుగు అడ్డాన్ని దాటుతుంది, నాలుగడుగుల నిటారు గట్టుని దాటదు. గుంజ తగిలితే స్కర్టు చిరుగుతుంది. ఒక్క ముక్క చిరిగితే బండి నడుస్తూనే ఉంటుంది, నాలుగైదు ఒకే వైపు పోతే ఆ పక్కకి ఒరుగుతుంది. దారి చూపే మనిషి లేకపోతే ఎంత బాగు చేసినా అది షెడ్డుకే.

ప్రశ్న: బాబాయి గారూ, మాది గుంటూరు. మా ఆయనా నేనూ లారీ పట్టాలు కుట్టే షాపు నడుపుతున్నాం. పోయిన సంచికలో ఉత్తరం చూశాను. ఆ హోవర్‌క్రాఫ్ట్‌కి కింద కట్టే గుడ్డ మేం కుట్టగలమా? డబ్బు అక్కర్లేదు.

జవాబు: అమ్మా, అన్ని ఉత్తరాల్లోకి నాకు నచ్చింది నీదే. కుట్టగలరు, మీరే కుట్టాలి.

దాన్ని స్కర్టు అంటారు. ఆ సింగ్‌నగర్ తమ్ముళ్ళ బండికి చుట్టూ విడివిడి ముక్కలు ఉండి ఉంటాయి, ఒక్కోటి వేలిలా కిందికి వేలాడుతుంది, గాలి నిండగానే ఉబ్బి పక్కదాన్ని ఒత్తుకుని కూర్చుంటుంది. అందువల్ల మనకి లాభం ఏంటంటే చిరిగిన ముక్క ఒక్కటే విప్పి మార్చుకోవచ్చు. కొత్త జాకెట్టుకి పాతది ఆది ఇస్తారు కదా, ఇక్కడా అంతే, పాత ముక్క కుట్లు విప్పి పరిచి ఆది తీసుకో. కాకపోతే ఒక జాగ్రత్త, వెనక వైపు ముక్కలు నేలకి రాసుకుని అంగుళమో రెండంగుళాలో అరిగిపోయి ఉంటాయి, వాటిని ఆది తీస్తే అన్నీ పొట్టివి వస్తాయి. అన్నిటికంటే తక్కువ అరిగినదేదో వెతికి దాన్ని తీసుకో. మూలల్లో ఉండేవాటి కోత వేరుగా ఉంటుంది, వాటికి నంబర్లు వేసి ఫోటో తీసుకున్నాకే విప్పమను.

గుడ్డ దగ్గర రాజీ పడొద్దు. నైలాన్ అల్లిక మీద నియోప్రీన్ రబ్బరు పూత ఉన్న గుడ్డ కావాలి. నీ షాపులో ఉండే పీవీసీ పట్టాతో ముందు ఒకటి రెండు ముక్కలు కుట్టి కొలత సరిపోయిందా అని చూసుకోవచ్చు, ట్రయల్‌కి చాలు. కానీ పీవీసీ గాలికి నిమిషానికి వందలసార్లు టపటపా కొట్టుకుంటే మడత దగ్గర చిట్లుతుంది, ఎండకి ఇంకా త్వరగా. దారం పాలిస్టరో నైలానో, నూలు దారం వద్దే వద్దు, తడిసి కుళ్ళిపోతుంది. రెండు వరసల కుట్టు వెయ్యి, సూది రంధ్రాలు మరీ దగ్గరగా పడితే తపాలా బిళ్ళ చింపినట్టు అక్కడే చిరుగుతుంది. కింద లోపలి వైపు బాడీకి కట్టే చోట బోల్టు బదులు ప్లాస్టిక్ కేబుల్ టై కడతారు. చవక కోసం కాదమ్మా. దేనికైనా తగులుకున్నప్పుడు టై తెగాలి, గుడ్డ మిగలాలి.

కుట్టిన ముక్కలు ఒక సెట్టు బండికి, పది ముక్కలు ఎప్పుడూ బండి లోపల సంచిలో. ఇంకోటి, ఆ ఆరుగురు కుర్రాళ్ళలో ఇద్దరికైనా నీ మిషన్ మీద కుట్టడం నేర్పు. వరద రోజు గుంటూరు నుంచి నిన్ను తీసుకెళ్ళడానికి దారి ఉంటుందో ఉండదో.

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను సార్. దీన్ని కనిపెట్టింది ఎవరు? ప్రాజెక్టుగా చిన్నది చెయ్యొచ్చా?

జవాబు: క్రిస్టఫర్ కాకరెల్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు. 1955లో రెండు ఖాళీ డబ్బాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, మధ్య సందులోంచి గాలి ఊది, కింద వంటింటి త్రాసు పెట్టి ఎంత ఒత్తుతుందో చూశాడు. ఒక్క డబ్బాలోంచి ఊదిన దానికంటే ఎక్కువ ఒత్తింది. 1959 జూలై 25న ఎస్‌ఆర్‌ఎన్1 అనే బండి ఇంగ్లిష్ చానెల్ దాటేసింది. మొదట్లో స్కర్టే లేదు, అది తర్వాత వచ్చిన తెలివి. ప్రాజెక్టుకి చెక్క పలక, ప్లాస్టిక్ షీటు, ఆకులు ఊడ్చే బ్లోయర్ చాలు, హాస్టల్ వరండాలో మీ వార్డెన్‌ని కూర్చోబెట్టి లాగొచ్చు. దాంట్లో కొత్తదనం లేదు, అందరూ చేసేదే. నువ్వు నిజంగా చెయ్యాలనుకుంటే ఎంత బరువుకి హంప్ దాటడం ఆగిపోతుందో కొలిచి చూపించు, ఆ సింగ్‌నగర్ వాళ్ళకి పనికొస్తుంది.

ప్రశ్న: ఇవన్నీ సరే, పర్మిషన్ ఎవరిస్తారు? సేవ చేస్తామంటే కూడా కాగితాలా?

జవాబు: సేవ అంటేనే కాగితాలు. 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ తిరగబడింది గుర్తుందా? కార్తీక మాసం, ఎక్కువ మంది జనం, తక్కువ లైఫ్ జాకెట్లు. మర పడవలకి 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి. సింగ్‌నగర్ వాళ్ళు బండి మొదటి బోల్టు విప్పకముందే ఆ రిజిస్ట్రేషన్ చేసే కార్యాలయానికి వెళ్ళి, ఇదీ వస్తువు, ఏం కావాలి అని రాతపూర్వకంగా అడగాలి. జిల్లా యంత్రాంగానికి కూడా ముందే చెప్పి ఉంచాలి. వరదలో మన ఇష్టానికి మనం తిరిగితే విపత్తుల్లో కాపాడే ఎన్‌డీఆర్‌ఎఫ్ దళం వాళ్ళు జనాన్ని వదిలి మనల్ని వెతకాల్సి వస్తుంది. ఇంకొకటి, దీని మోతకి ఎదుటివాడి కేక వినపడదు. చెవులకు మఫ్లు, చేతి సైగలు ముందే అనుకుని ఉండాలి. ప్రాక్టీసు ఎండాకాలం, ఇసుక మీద, అనుమతితో, కనీసం రెండు నెలలు.

సింగ్‌నగర్ నుంచి మళ్ళీ: మేస్త్రీ గారూ, మీరు ఫోన్లో చెప్పినట్టే గొల్లపూడి దగ్గర కాటా వేయించాం. రేకు మీద ఖాళీ బరువు 520 కిలోలు, మోసేది 380 అని ఉంది. కాటాలో 760 వచ్చింది. రెండుసార్లు వేయించాం. కాటా తప్పేమో అంటున్నారు మావాళ్ళు.

జవాబు: కాటా తప్పు కాదు. 240 కిలోలు తేడా. మీరు ఎక్కించాలనుకున్న మనుషుల్లో ముగ్గురు ముందే ఎక్కి లోపల కూర్చున్నారు, నీళ్ళ రూపంలో. ఈ లెక్కన డ్రైవరు, ఇంకొక్క మనిషి, పెట్రోలు, అంతే.

అమ్మేవాళ్ళని అడిగి, బాడీ అడుగున వెనక మూల, ముందు మూల, మధ్యలో, మూడు చోట్ల పావు అంగుళం డ్రిల్లుతో రంధ్రం వెయ్యండి. పైపైన, ఫైబర్ దాటి ఫోమ్ తగలగానే ఆపండి. డ్రిల్లు బిట్టుకి పొడి రజను వస్తే మంచిది, ఆ పక్క బాగుంది. తడి ముద్ద వచ్చినా, చుక్కలు కారినా అక్కడ ఫోమ్ పోయినట్టే. అది ఎండబెడితే ఎండేది కాదు, ఫ్యాన్ పెట్టి నెల రోజులు కూర్చున్నా లాభం లేదు, పైన ఫైబర్ కోసి పారలతో తవ్వి తీసి, చిట్లిన చోటు వెతికి మూసి, కొత్త ఫోమ్ పోసి, మళ్ళీ ఫైబర్ వెయ్యాలి. ముగ్గురు మనుషులకి రెండు మూడు వారాల పని, దురద ఒక వారం అదనం, పొడుగు చేతుల చొక్కాలు వేసుకోండి.

మూడింటిలో ఒక్కచోటే తడి వస్తే కొనండి. మూడూ తడిస్తే బేరం ఇంకా సగానికి తగ్గించి ఇంజన్, ఫ్యాన్, చుక్కాని మటుకు విప్పుకొచ్చుకోండి, బాడీ వాళ్ళకే వదిలెయ్యండి. బాడీ కొత్తది మనమే వేసుకుందాం, పాత దాని అచ్చు తీసి. డ్రిల్లు రజను మూడు వేర్వేరు కవర్లలో వేసి, ఏ మూలదో రాసి, ఆదివారం పొద్దున ఆటోనగర్ వచ్చెయ్యండి, పదింటి దాకా టీ కొట్టు దగ్గరే ఉంటాను.